చదవలేని కాగితం

పోయిన వారం ఇంద్రాణిని చింతకాయల కుప్ప ముందు కూర్చోబెట్టి, వీధిలో మోపెడ్ ఆగిన చప్పుడు వినిపించి, మనం పక్కకు తప్పుకున్నాం. ఆ మోపెడ్ దిగిన మనిషి లోపలికి వచ్చేలోగా, ఈ కథలోకి ఇప్పుడే అడుగుపెట్టిన వాళ్లకు నాలుగు ముక్కలు చెప్పాలి. పాతవాళ్లు కాస్త ఓపిక పట్టండి.

తమిళనాడులో ధర్మపురి నుంచి ఇండూరు పోయే దారిలో ఒక చిన్న ఊరు. ఆ ఊరి గోపాలప్ప, ఓబమ్మల కొడుకు సెల్వరాజ్ ఆరేళ్లుగా సైన్యంలో ఉన్నాడు. లారీలు, జీపులు నడుపుతాడు, బాగుచేస్తాడు. ఉత్తరాన మంచుకొండల్లో ఉన్న అతని యూనిట్లో ఒక హవల్దారు మూడేళ్లుగా అతన్ని పేరు పెట్టి పిలవలేదు. పొద్దున హాజరు తీసుకునేటప్పుడు కూడా 'కాలియా' అనే పిలిచాడు, అంటే నల్లోడా అని. పడుకునే మంచం మీద బూటు పాలిష్ డబ్బా పెట్టి, ముఖానికి రాసుకునే క్రీము అని నలుగురిలో నవ్వాడు. ఓర్చుకుని ఓర్చుకుని, ఈ జనవరిలో సెల్వరాజ్ పెద్ద అధికారికి ఫిర్యాదు రాసిచ్చాడు. వచ్చే సోమవారం విచారణ. అతని తరఫున సాక్ష్యం చెబుతానన్నవాడు యూనిట్ మొత్తంలో ఒక్కడే, మదనపల్లె వైపు మురళి. అతనూ సెలవులోనే ఉన్నాడు. ఈ మధ్యాహ్నం ఇక్కడికి భోజనానికి వస్తున్నాడు, రేపు ఇద్దరూ కలిసి రైలెక్కుతారు. అందుకే ఓబమ్మ కావేరి ఒడ్డున హొగేనక్కల్ నుంచి చేపలు తెప్పించింది, కోడలు ఇంద్రాణి పులుసుకు కొత్త చింతపండు గింజలు తీస్తోంది.

ఇక మోపెడ్ దిగిన మనిషి. మాదప్పన్, సైన్యంలో సుబేదారుగా చేసి రిటైరైనవాడు, ఓబమ్మకు వరసకు అన్న. మీసానికి రంగు, చొక్కా జేబులో రెండు పెన్నులు. చంకలో పసుపుపచ్చ గుడ్డసంచి.

"ఏందన్నా, చెప్పకుండా వచ్చినావు? ఈ పొద్దు చేపల పులుసు. తిని పోవల్ల," అంది ఓబమ్మ.

"తింటాలే చెల్లా. ముందు నీ కొడుకుతో పని ఉండాది."

అరుగు మీద గోపాలప్ప చాప పరిచాడు. సెల్వరాజ్ స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు. ఇంద్రాణి గడప లోపల కూర్చుని చింతకాయలు ఒలుస్తూనే ఉంది, కానీ చెవులు రెండూ అరుగు మీదే ఉన్నాయి. ఎనిమిది రోజుల క్రితం మొగుడు బావి దగ్గర ఈ సంగతంతా చెప్పి ఏడ్చినప్పటి నుంచి ఆమెకు అన్నం సయించడం లేదు.

"రేయ్ సెల్వం, నేను ముప్పై ఏండ్లు పట్టాళంలో ఉన్నోణ్ణి. నిన్ను పట్టాళంలోకి ఆళ్లను తీసుకునే చోటికి చెయ్యి పట్టుకోని తీసుకోని పోయింది ఎవరు?"

"నువ్వే మామా."

"అట్లయితే నా మాట విను. నిన్ను చేర్పించినోణ్ణి అని మీ యూనిట్ నుంచి నాకు కవరు వచ్చింది. ఫోను కూడా చేసినారు. పెద్దోళ్లు నీ మీద కోపంగా లేరు. చూడు, ఇది నీ కంప్లెయింటు వెనక్కి తీసుకుంటా ఉన్నానని రాసిన కాగితం. దీని కింద ఒక కయ్యెళుత్తు పెట్టు. పోయి నీ పని నువ్వు చూసుకో."

"సంతకం పెట్టకపోతే?"

మాదప్పన్ సంచిలోంచి ఇంకో కాగితాల కట్ట తీశాడు. మూడు పేజీల జెరాక్స్ కాపీ, మూలకు గుండుపిన్ను.

"పోయిన డిసెంబర్లో మీ అందరికీ ఒక ఫారం ఇచ్చినారు. ఉద్యోగంలో తృప్తిగా ఉండారా, ఎవరైనా తొందరవు పెట్టి సతాయిస్తా ఉండారా అని ఢిల్లీ నుంచి అడిగినారు. అంతా బాగుండాదని నువ్వే గీతలు పెట్టి, నీ నంబరు వేసి, సంతకం చేసినావు. నెల తిరక్కుండానే నన్ను హింస పెట్టినాడని కంప్లెయింటు ఇస్తే ఏమంటారు? అబద్ధాలకోరు అంటారు. అబద్ధపు కంప్లెయింటు ఇచ్చినోణ్ణి పట్టాళంలో పెట్టుకోరు. ఇంటికి పంపిస్తారు, అదీ మచ్చతో."

గోపాలప్ప కొడుకు వైపు తిరిగాడు. ఈ ఊళ్లో ఆయనకున్న మర్యాదంతా కొడుకు యూనిఫారం వల్ల వచ్చిందే. మెట్ట పొలం, నాలుగు ఆవులు ఉన్నవాళ్లు ఈ చుట్టుపక్కల కొల్లలు.

"పెట్టేయ్‌రా సెల్వం," అన్నాడు. "నల్లోణ్ణి నల్లోడంటే ఏమైపాయె? మనింట్లో మీ అవ్వ నిన్ను కర్రోడా కర్రోడా అని పిలవలేదా? ఈ ఊర్లో తెల్లోడు ఎవడుండాడు?"

"అదే నేనూ చెప్తా ఉండేది," అన్నాడు మాదప్పన్. "మన పక్క అది ముద్దు పేరు."

ఇక్కడ కథ చెప్పే నాకే ఒళ్లు మండుతోంది, ఇంద్రాణి సంగతి చెప్పాలా! అవ్వ ఒళ్లో కూర్చోబెట్టుకుని అన్న మాటా, వరసలో నిలబెట్టి నలుగురు నవ్వేలా అన్న మాటా ఒకటేనట. పెద్దవాళ్లు ఎంత సులువుగా ఒకటి చేసేశారో చూడండి.

సెల్వరాజ్ గోడ వైపు చూశాడు. అక్కడ అద్దం కట్టిన ఫోటో ఒకటి వేలాడుతోంది. మంచులో ఒక పెద్ద లారీ, దాని ముందు భుజాల మీద చేతులేసుకుని తొమ్మిదిమంది జవాన్లు. సెల్వరాజ్ అందులో లేడు. ఎందుకు లేవురా అని ఓబమ్మ ఎన్నోసార్లు అడిగింది. నేనే తీసినా అమ్మా అనేవాడు.

"నాయనా, మా అవ్వ నన్ను కర్రోడా అని పిలిచి సంగటి ముద్ద నోట్లో పెడతా ఉండె. వాడు నా పేరు పీకేసి ఆ మాట పెట్టినాడు. ఆ ఫోటో చూడు. ఆ లారీని పదకొండు గంటలు మంచులో తోలింది నేను. దావలో ఇంజను ఆగిపోతే కిందకు దూరి, వేళ్లు తిమ్మిరెక్కేదాకా బాగుచేసింది నేను. ఆడ చేరినాక అందరూ ఫోటోకు నిలబడితే, నువ్వుంటే ఫోటో పాడైపోతుంది కాలియా, కెమెరా పట్టుకో అన్నాడు. అందరూ నవ్వినారు. నేనూ నవ్వినాను నాయనా. నవ్వినాను. అదే నాకు ఇప్పటికీ అరగలేదు."

ఓబమ్మ పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చింది. గోడ మీది ఫోటోను కొత్తగా చూసింది. దాన్ని ఆరు నెలలుగా పండగ పండగకు పసుపు కుంకుమ పెట్టి మరీ తుడుస్తోంది.

"పని అంటావా మామా, నాకు పని అంటే ప్రాణం," సెల్వరాజ్ మాట ఆపలేదు. "గడ్డకట్టిన ఇంజను తెల్లారి ఒక్క దెబ్బకు స్టార్ట్ అయితే ఆ పొద్దంతా నాకు ఆకలి తెలీదు. నీ పని నీకు ఇష్టమా అని ఒక్కటే అడిగింటే కండ్లు మూసుకోని అవునంటా. అట్లాంటి పనిని వాడు నాకు విషం చేసినాడు. పొద్దున హాజరుకు పోవల్లంటే బూట్లు తొడగబుద్ధి కాదు."

"మరి ఆ ఫారంలో అంతా బాగుండాదని ఎందుకు పెడితివిరా?" మాదప్పన్ గట్టిగానే అడిగాడు.

సెల్వరాజ్ తల వంచుకున్నాడు.

అప్పటిదాకా మాదప్పన్ చేతిలో ఆడుతున్న కాగితాలను ఇంద్రాణి గడప లోపలి నుంచే చూస్తోంది. అచ్చు అక్షరాల గుండ్రటి వరసలు ఆమె కళ్లకు ఆనాయి. లేచింది. చింతపండు జిగురు చేతులు చెంగుకు తుడుచుకుంది. పెళ్లయి ఏడాదిన్నరైనా మామగారి ఎదుట పెద్దవాళ్ల మాటల్లో ఇంతవరకు ఆమె కల్పించుకోలేదు.

"పెదనాయనా, ఆ కాగితం ఒకసారి ఇట్ల ఇస్తారా?"

"నీకెందుకమ్మా? అది పట్టాళం కాగితం."

"అది తెలుగులో ఉండాది పెదనాయనా. ఈ ఇంట్లో తెలుగు చదివేదాన్ని నేనొక్కదాన్నే. మీరు చదివినారా?"

మాదప్పన్ మీసం సవరించుకున్నాడు. "నేనెక్కడ చదువుతానమ్మా, నేను చదివింది తమిళ బళ్లో కదా. లోపలేముందో ఫోన్లో చెప్పినారు."

అదీ సంగతి. ఇంట్లో తెలుగు, బయట తమిళం. ఈ పక్క మనవాళ్లు తరతరాలుగా తెలుగు మాట్లాడతారు, తెలుగులో తిడతారు, తెలుగులో ఏడుస్తారు. అక్షరం మాత్రం ఒక్కటి రాదు, నేర్పే బడి లేదు. కుప్పం వైపు నుంచి కోడలుగా వచ్చిన ఇంద్రాణికి తెలుగు చదవడం వచ్చు, తమిళం బస్సు బోర్డుల వరకే వచ్చు. సైన్యంలో చేరిన రోజున ఇంట్లో ఏం మాట్లాడతావని గుమాస్తా అడిగితే సెల్వరాజ్ తెలుగు అన్నాడు. అబద్ధం చెప్పలేదు. మాతృభాష తెలుగు అని రికార్డులో ఎక్కింది. ఎవరి భాషలో వాళ్లకు ఫారం ఇవ్వాలని ఢిల్లీలో ఎవరో పుణ్యాత్ముడు అనుకున్నప్పుడు, రికార్డు చూసి ఇతనికి తెలుగు ఫారం చేతిలో పెట్టారు.

"నాకు రాదని చెప్పలేకపోయినా," అన్నాడు సెల్వరాజ్, నేల చూస్తూ. "వీడి భాష వీడికే చదవను రాదని ఇంకో పేరు పెడతాడని భయం. అన్నిటికీ మొదటి గడిలో గీత పెట్టండి, కింద నంబరు వేసి సంతకం పెట్టండి, టీకి టైమైంది అన్నాడు హవల్దారు. పెట్టినా."

ఇంద్రాణి కాగితం అందుకుంది. మొదటి పేజీ పై వరస దగ్గరే ఆమె కళ్లు ఆగిపోయాయి. పైకి చదివింది.

"'మీ పేరు గాని, నంబరు గాని ఈ పత్రంలో ఎక్కడా రాయవద్దు. ఈ జవాబులు ఎవరివో ఎవరికీ తెలియదు. మీ మనసులో ఉన్నది నిర్భయంగా తెలపండి.'"

గోపాలప్ప మాదప్పన్ వైపు చూశాడు.

"పేరు రాయొద్దని ఉండాదా?" మాదప్పన్ ముందుకు వంగాడు. "అచ్చులో ఉండాదా?"

"లావు అక్షరాల్లో ఉండాది. ఈ పేజీ కింద చూడండి. నంబరు ఉండాది, మా ఆయన తమిళ సంతకం ఉండాది. రాయొద్దన్నదాన్ని రాయించినారు పెదనాయనా. రాయించి, ఇప్పుడు దాన్నే గొంతుకు చుట్టినారు."

"అది ఆర్డరు కదా," గొణిగాడు మాదప్పన్. "పై నుంచి వచ్చిన ఆర్డరును ఒక హవల్దారు ఎట్ల మీరతాడు?"

మనిషిని మూడేళ్లు మట్టిలో తొక్కారంటే కదలని ముసలాయన, ఆర్డరు మీరారంటే కదిలాడు. ఇంద్రాణికి అది కూడా కోపమే తెప్పించింది. ఏదో ఒకదానికి కదిలాడు కదా అని సరిపెట్టుకుని రెండో పేజీ తిప్పింది. పద్నాలుగో ప్రశ్న దగ్గర వేలు పెట్టి చదివింది.

"'మీ ఒంటి రంగు, భాష లేదా ప్రాంతం కారణంగా తోటివారు గాని, పైవారు గాని మిమ్మల్ని ఎగతాళి చేయడం, అవమానించడం జరిగిందా?' దీనికి మొదటి గడి, 'ఎన్నడూ లేదు.' అక్కడ నువ్వు గీత పెట్టినావు."

సెల్వరాజ్ స్తంభం వదిలి ముందుకు వచ్చాడు. ఆమె చేతిలోని కాగితాన్ని వేలితో తడిమాడు. "ఏది? అది ఏ వరస?"

ఆమె చూపించింది.

"ఇదే అడిగినారా? నన్ను ఇదే మాట అడిగినారా?" అతను ఆ వరస మీంచి వేలు తీయలేదు. "నీకేమైందిరా అని అడిగే దిక్కు లేదని మూడేండ్లు ఏడ్చినా ఇంద్రా. అడిగినారు. కాగితం మీద అచ్చేసి మరీ అడిగినారు. నేను చదవలేకపోయినా."

ఓబమ్మ నోట్లో చెంగు కుక్కుకుంది. గోపాలప్ప లేచి, మాదప్పన్ ముందున్న మొదటి కాగితాన్ని, ఆ సంతకం కోసం తెచ్చినదాన్ని, తీసి మడిచి ఆయన సంచిలోనే పెట్టేశాడు. పది నిమిషాల క్రితం పెట్టేయ్‌రా అన్నవాడు ఈయనే.

"ఇంకా ఉండాదా అమ్మా?" అడిగాడు మాదప్పన్.

"మూడో పేజీ ఉండాది. 'మీరు చెప్పదలచుకున్నది మీ సొంత మాటల్లో రాయండి' అని. దాని కింద..."

దాని కింద చేతిరాత ఉంది. తెలుగు చేతిరాత. నాలుగు వరసలు. ఎడమచేత్తో రాసినట్లు అక్షరాలన్నీ వెనక్కి వాలి ఉన్నాయి. చివరి మాట తర్వాత రెండు అడ్డగీతలు, వాటి మధ్యలో చుక్క.

ఇంద్రాణి ఆ రాతను ఇంతకుముందు చూసింది. అయినా చదివింది. చదవకపోతే అందరూ ఆమె ముఖం చూస్తారు.

"'మా హవల్దారు గారు మమ్మల్ని సొంత తమ్ముళ్లలా చూసుకుంటారు. నా రంగు గురించి గాని, భాష గురించి గాని నన్ను ఎవరూ ఒక్క మాట అనలేదు. కొందరు పని ఎగ్గొట్టడానికి అలాంటి ఫిర్యాదులు చేస్తుంటారు. ఈ ఉద్యోగంలో నాకు పూర్తి తృప్తి ఉంది.'"

"నేను రాయలేదు," అన్నాడు సెల్వరాజ్. "నాకు అ, ఆ రావు. నేను సంతకం పెట్టినప్పుడు ఆ పేజీ తెల్లగా ఉండె."

"మరి ఎవరు రాసినారు? మీ యూనిట్లో తెలుగు రాసేవాడు ఎవడుండాడు?" అడిగాడు మాదప్పన్.

"మురళి ఒక్కడే," అన్నాడు సెల్వరాజ్ వెంటనే. అతని ముఖంలో అనుమానం నీడ కూడా లేదు. "మంచిదైంది, వాడు వస్తా ఉండాడు కదా. ఆ పొద్దు ఫారాలన్నీ వసూలు చేసి ఆఫీసులో ఇచ్చింది వాడే. ఎవరి చేతిలో పడిందో వాడికి తెలిసింటుంది. వచ్చినాక అడుగుదాం మామా. వాడు నా తోడబుట్టినోని మాదిరి."

ఇంద్రాణి లోపలికి పోయింది. కాగితాలు ఆమె చేతిలోనే ఉన్నాయి. గదిలో మంచం కింది రేకుపెట్టె లాగింది. అందులో చీరల అడుగున ఉత్తరాలు, మొత్తం నలభై పైనే. మొగుడికి తెలుగు రాయడం రాదు, ఆమెకు తమిళం చదవడం రాదు. అందుకని సెల్వరాజ్ పక్కన కూర్చుని చెబితే మురళి రాసేవాడు. ప్రతి ఉత్తరం చివర, 'రాసిపెట్టినవాడు మురళి, వదినకు నమస్కారాలు' అని ఒక వరస.

పైనున్న ఉత్తరం విప్పింది. ఇక్కడ మంచు పడుతోంది, నీ చేతి ఉలవచారు తలచుకుంటే చలి తగ్గుతుంది అని రాసిన ఉత్తరం. వెనక్కి వాలిన అక్షరాలు. చివర రెండు గీతలు, మధ్యలో చుక్క. పక్కపక్కన పెట్టి చూడాల్సిన పని కూడా లేకపోయింది. ఆ చేతిరాతను ఆమె ఏడాదిన్నరగా రోజూ పడుకోబోయే ముందు చూస్తూనే ఉంది. పుట్టింటి వాళ్ల చేతిరాత కూడా అంత బాగా గుర్తుండదు.

ఆమెకు ముందు ఏడుపు వచ్చింది, ఆ వెనకే కోపం వచ్చి ఏడుపును మింగేసింది. తిట్టినవాడు తిట్టాడు, వాడి బుద్ధి వాడిది. వీడు? మొగుడి మనసులో ఉన్న ప్రేమంతా వీడి చేతి మీదుగానే తనకు చేరింది. అదే చేత్తో, అతనికి చదవను రాదని తెలిసి, అతని సంతకం ఉన్న కాగితం మీద ఈ నాలుగు వరసలు రాశాడు. మళ్లీ నేనున్నా అని సాక్ష్యానికి ఒప్పుకున్నాడు. సోమవారం ఆ విచారణలో వీడు నోరు తెరిచి ఏం చెబుతాడు? సెల్వరాజ్ బతుకంతా ఆ ఒక్క నోటి మీదే ఆధారపడి ఉంది.

ఇప్పుడే అందరికీ చెప్పేద్దామా అనుకుంది. చెబితే మొగుడు నమ్మడు. తోడబుట్టినోని మాదిరి అన్న మాట ఇంకా అరుగు మీదే ఉంది.

వీధిలో ఆటో ఆగింది.

"వదినా! పులుసు వాసన ఆ మలుపు కాడికే వస్తా ఉండాది!" నవ్వుతున్న గొంతు. ఆ మనిషిని ఆమె ఎన్నడూ చూడలేదు, గొంతు వినడమూ ఇదే మొదటిసారి. చేతిరాత మాత్రమే తెలుసు.

ఇంద్రాణి ఉత్తరాన్ని పెట్టెలో పెట్టలేదు. చెంగు కింద పట్టుకుంది. ఫారాన్ని మొదటి పేజీ పైకి ఉండేలా సరిచేసి బయటికి వచ్చింది. అప్పటికే సెల్వరాజ్ మురళిని భుజాలు పట్టుకుని అరుగు ఎక్కించాడు, ఓబమ్మ చెంబుతో నీళ్లిచ్చింది. పలచటి మనిషి, మంచి ముఖం. అందరికీ నమస్కారం పెట్టాడు. చెంబును ఎడమచేత్తో పట్టుకున్నాడు.

"రా మురళీ. కూర్చో," అంది ఇంద్రాణి. గొంతు తనది కానట్లు మామూలుగా ఉంది. "అన్నం అయ్యేలోగా ఒక పని చేసిపెట్టు. మీ యూనిట్ నుంచి ఈ కాగితం వచ్చింది. ఇందులో ఒక చోట ఎవరో చేత్తో రాసినారు. ఆ ముక్క కొంచెం పైకి చదువు. నేను చదివినాను, నీ నోటితో కూడా ఈ ఇంట్లో వాళ్లు వినల్ల."

మురళి కాగితాలు అందుకున్నాడు. నవ్వు ఇంకా పెదాల మీదే ఉంది. మొదటి పేజీ చూడలేదు. రెండోది చూడలేదు. బొటనవేలు గుండుపిన్ను పక్కగా పోయి, రెండు పేజీలనూ కలిపి ఒక్కసారిగా తిప్పేసింది.

ఎవరూ గమనించలేదేమో అనుకుంది ఇంద్రాణి. కానీ స్నేహితుడి కోసం చాప దులుపుతున్న సెల్వరాజ్ చెయ్యి మధ్యలోనే ఆగిపోయింది.

"అది మూడో పేజీలో ఉండాదని," అన్నాడు సెల్వరాజ్ మెల్లగా, "నీకు ఎవరు చెప్పినారు మురళీ?"